చెమట పట్టని నడక

డాక్టరు రాసిచ్చిన మందుల్లో వామన్‌రావుకు అన్నిటికంటే చేదైనది నడక. మాత్రలైతే నీళ్లతో మింగొచ్చు. ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక గల్లీలో ఉన్న ఇంటి నుంచి నాంపల్లి పబ్లిక్ గార్డెన్ దాకా నడకను మోకాళ్లతోనే మింగాలి.

పైగా షుగరు. ఆ సంగతి తేలిన రోజునుంచి భార్య అనసూయమ్మ చక్కెర డబ్బా ఎక్కడ దాచిందో ఇంట్లో చీమలకు కూడా తెలియదు.

ఇంత కట్టుదిట్టంలోనూ వామన్‌రావు కన్నం వేశాడు. సాయంత్రం నడకకు మనవరాలు శ్రీనిధిని వెంటబెట్టుకుపోవడం మొదలుపెట్టాడు.

"పోరి బడిల నోరు ఇప్పుతలేదని టీచరమ్మ అంటున్నది గదా. జర బయట తిప్పుకొస్త, మాటలొస్తయి" అన్నాడు.

ఆ మాట అబద్ధం కాదు. శ్రీనిధి ఒకటో తరగతి. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల, బడిలో పేరడిగినా నేలచూపులు చూసేది. ఆ సంగతి తలుచుకుంటే వామన్‌రావుకు తిన్న అన్నం దిగేది కాదు. అబద్ధమంతా ఇల్లు దాటాక మొదలయ్యేది. నాంపల్లి స్టేషను దగ్గర ఇరానీ హోటలొకటి ఉంది. తాతా మనవరాలూ దాన్ని దాటి ముందుకు పోయిన పాపాన పోలేదు.

తాతకు చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, సమోసాలు. పిల్లకు బన్ను, దాంతోపాటు ఈ సంగతి మీద నోరు మూసుకుని ఉన్నందుకు ఒక కథ.

వామన్‌రావు కథల్లో జంతువులన్నీ మన గల్లీవే. ఆయన కాకి కుండలో రాళ్లు వేసేది కాదు. చెరుకురసం బండాయన దగ్గర స్ట్రా అడుక్కొచ్చి, కుండ మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని తాగేది. ఎలుక వల కొరికి విడిపించాక, సింహం దాన్ని మెట్రో ఎక్కించి ఊరంతా తిప్పి చూపించేది.

అన్నిట్లోకీ శ్రీనిధికి ప్రాణం కుందేలు, తాబేలు కథ. కుందేలు పేరు దౌడ్‌రావు. తాబేలు పేరు నిమ్మళమ్మ. పందెం ఆబిడ్స్ చౌరస్తా నుంచి పబ్లిక్ గార్డెన్ దాకా.

"కుందేలు చెట్టు కింద పండుకుంటదని నానమ్మ చెప్పింది" అంది శ్రీనిధి.

"మీ నానమ్మది పాత కత. గీ హారన్ల మోతల ఏ కుందేలుకు నిద్ర పడ్తదే? దౌడ్‌రావు సీదా హోటల్‌కొచ్చిండు. చాయ్ చెప్పిండు."

"బిస్కెట్?"

"బిస్కెట్ లేకుంట చాయ్ ఎట్ల తాగుతడు? ఇజ్జత్ పోదా?"

లేచేముందు వామన్‌రావు ఒక పని తప్పకుండా చేసేవాడు. చెయ్యి కడుక్కునే నల్లా దగ్గర నిలబడి మెడకూ వీపుకూ నీళ్లు చల్లుకునేవాడు. చొక్కా తడిసి, గార్డెనంతా చుట్టొచ్చినవాడిలా తయారయ్యేవాడు.

"మనం పార్క్‌ల నడిచినం. ఇంట్ల కుందేలు చెట్టు కిందనే పండుకుంటది. సమజైందా?"

పిల్ల బుద్ధిగా తలూపేది.

ఇంటికి రాగానే "అబ్బబ్బ, కాళ్లు గుంజుతున్నయే" అంటూ కూలబడేవాడు. "పాపం, బగ్గ నడిచిన్రు" అని అనసూయమ్మ తువ్వాలు అందించేది. ఆ జాలికి ఆయనకు సిగ్గేసేది. అయితే ఆ సిగ్గు మర్నాటి చాయ్ దాకా నిలిచేది కాదు.

ఇంతలో బడిలో తాతలు, నానమ్మల పండగొచ్చింది. పిల్లలు తలా ఒక కథ చెప్పాలట. టీచరమ్మ ముందే ఫోన్ చేసి, శ్రీనిధిని బలవంతపెట్టొద్దనీ, ఊరికే స్టేజీ మీద నిలబడినా చాలనీ చెప్పింది. అనసూయమ్మకు పౌరుషం వచ్చింది. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెట్టు కింద పడుకున్న కుందేలు కథ నేర్పింది. పిల్ల ఇంట్లో చక్కగా అప్పజెప్పింది.

తీరా స్టేజీ ఎక్కాక, "అనగనగా ఒక కుందేలు, ఒక తాబేలు. పందెం పెట్టుకున్నయి. కుందేలు ఉరికింది. ఉరికి, ఉరికి..." అని ఆగింది.

ముందు వరసలో పిల్లలెవరో కిసుక్కున నవ్వారు. శ్రీనిధి కళ్లు నేలకు దిగాయి. అనసూయమ్మ కుర్చీలోంచి "చెట్టు కింద, చెట్టు కింద" అని పెదవులాడించింది. పిల్ల అటు చూస్తేగా!

వామన్‌రావుకు సంగతి అర్థమైపోయింది. చెట్టు కింద కుందేలు ఆ పిల్ల ఎరిగిన కుందేలు కాదు. ఆ నోరు ఈవేళ మూతపడితే మళ్లీ ఎప్పుడు తెరుచుకుంటుందో. ఎదురుగా చూస్తే పిల్ల, పక్కన చూస్తే పెళ్లాం. ఆయన పక్కకు చూడడం మానేసి లేచి నిలబడ్డాడు.

"బిడ్డా! దౌడ్‌రావు యాడికి పోయిండే? హోటల్‌కు పోలే?"

శ్రీనిధి తలెత్తింది. మొహమంతా వెలుగొచ్చింది.

"ఔ! హోటల్‌కు పోయిండు! చాయ్ తాగిండు, బిస్కెట్ ముంచుకొని తిన్నడు, సమోసా తిన్నడు. మళ్ల ఇంకో సమోసా తిన్నడు!"

వామన్‌రావు కూర్చోబోతే కుర్చీ దొరకలేదు.

"మూతి తుడుసుకున్నడు. నల్లా కాడ మెడకు నీళ్లు సల్లుకున్నడు, చెమట లెక్క! నానమ్మకు చెప్పకు, పార్క్‌ల నడిచినమని చెప్పు అన్నడు! నిమ్మళమ్మేమో నడుసుకుంట నడుసుకుంట పోయి గెలిచింది!"

హాలంతా ఒకటే నవ్వు. కొందరు తాతలు మాత్రం నవ్వకుండా చొక్కాలు సర్దుకున్నారు.

"మరి ఈ కథలో నీతి ఏమిటమ్మా?" అని టీచరమ్మ మైకు అందించింది.

శ్రీనిధి ఆలోచించింది. "నీళ్లు సల్లుకుంటే చెమట గాదు!"

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది వామన్‌రావే. ఆయన కళ్లలోంచి కారినవి మాత్రం నల్లా నీళ్లు కావు.

తిరిగొస్తున్నంతసేపూ అనసూయమ్మ నోరు మెదపలేదు. గల్లీ మలుపు దగ్గర ఆయనే ఉండబట్టలేకపోయాడు.

"ఏందే, ఏమన్న అను."

"ఏమనాలె? మీ అంగీలు పిండేది ఎవరు? చెమటేదో నల్లా నీళ్లేదో నాకెరుకలేదా?"

"ఎప్పటిసంది ఎరుక?"

"మొదటి దినం సంది."

"మరి బగ్గ నడిచిన్రని తువ్వాల ఇస్తివి గదా!"

"మీ యాక్టింగ్ మంచిగుంటుండె, చూస్తుంటి. రాత్రిపూట జొన్నరొట్టె, కాకరకాయ ఎందుకు పెడ్తున్ననుకున్నరు? సమోసాలకు విరుగుడు."

వామన్‌రావు నడిరోడ్డు మీద ఆగిపోయాడు. "మరి ఎందుకు అడగకపోతివి?"

అనసూయమ్మ ముందు గెంతుకుంటూ పోతున్న పిల్లను చూసి గొంతు తగ్గించింది.

"మీతోని పోయొచ్చినంక అది కతలు చెప్పుకుంట నోరు ముయ్యకపోతుండె. నేనడిగితే మీరు పోవుడు బంద్ చేస్తరు. గా మాటలు గూడ బంద్ అయితయేమోనని భయమైంది."

ఇంట్లో దొంగ తానొక్కడే అనుకున్నాడు. తనకంటే గడుసు దొంగ ఇన్నాళ్లూ పక్కనే ఉండి తువ్వాలు అందించింది. ఆమె మీద ఎంత ప్రేమ పొంగుకొచ్చిందంటే, అక్కడికక్కడే కాకరకాయ కూర పెట్టినా తినేసేవాడు.

"ఇగ రేపటిసంది నేను గూడ వస్త" అంది ఆమె.

అన్నట్టే చీర కింద బూట్లు వేసుకుని బయల్దేరింది. పబ్లిక్ గార్డెన్ అంత పెద్దదని వామన్‌రావుకు అప్పుడే తెలిసింది. చొక్కా పూర్తిగా తడిశాక గాని ఆమె హోటలు దారి పట్టనివ్వలేదు. అక్కడా ఒకటే చాయ్, వన్ బై టూ. బిస్కెట్ పిల్లకు. ఆయన చూపు సమోసాల మీదికి పోయేసరికి ఆ పళ్లెం పక్క టేబులుకు పంపించింది.

శ్రీనిధి కుర్చీ ఎక్కి నిలబడింది. "అందరు మంచిగ కూసోండ్రి, కత చెప్త. అనగనగా దౌడ్‌రావు ఉండె. ఆయనకొక పెండ్లాం ఉండె..."

పక్క టేబులువాళ్లు చాయ్ కప్పులు పట్టుకుని ఇటు తిరిగారు. వామన్‌రావు కంగారుగా వద్దని చెయ్యెత్తాడు. అనసూయమ్మ ఆ చేతిని పట్టి కిందికి దించింది. దించి, వదలకుండా పట్టుకుంది.

"ఊఁ కొట్టండ్రి. ఊఁ కొట్టకుంటే పోరి ఆపుతది."

ఆపుతుందన్న మాటకే ఆయన పిల్ల వైపు వంగాడు.

"ఊఁ!" అన్నాడు వామన్‌రావు, హోటలంతా వినబడేలా.