కుడి నుంచి ఎడమకు వెళ్లిపోయిన ఆఖరి తేదీ

కదలని అక్షరమంత సోమరిది లోకంలో మరొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం. పుస్తకంలో పడుకుంటుంది. బోర్డు మీద బబ్బుంటుంది. మీరే వెళ్లి చదువుకోవాలి. ఎంత పొగరు! అదే వెబ్‌సైట్లో స్క్రోలింగ్ అక్షరమైతే? పాపం, మీకోసం రోజంతా పరిగెడుతూనే ఉంటుంది.

ఈ సత్యాన్ని గ్రహించిన మహానుభావుడు కొండలరావు. తార్నాక దగ్గర ఒక యూనివర్సిటీలో పరీక్షల విభాగం వెబ్‌సైట్ చూసే అధికారి. యూనివర్సిటీ పేరు చెప్పను. అందరూ తమదేననుకుని సంతోషించాలని నా కోరిక.

ముప్పయ్యేళ్ల సర్వీసులో కొండలరావును కుంగదీసిన నింద ఒక్కటే: "మీ ఆఫీసులో ఏదీ కదలదండీ." ఫైలు కదలదు, క్యూ కదలదు. ఇంటికెళితే భార్య పద్మావతిదీ అదే మాట, కుర్చీలోంచి కదలరని. అందుకే టీవీలో వార్తల కింద పరిగెత్తే లైను చూసిన రోజు ఆయన కళ్లు చెమర్చాయి. మర్నాడే నోటీసులన్నిటినీ ఒకే లైనులో గుచ్చి పరుగు పెట్టించాడు. పసుపు మీద ఎరుపు. సుస్వాగతంతో మొదలై ఫీజులు, హాల్ టికెట్లు, మెస్ మూసివేత, ఎవరిదో సంతాప సభ, అన్నీ ఒకే ఊపులో. హాల్ టికెట్లు ఎవరికో, సంతాపం ఎవరికో చదివేవాడు తేల్చుకోవాలి. బుర్రకు పదును కాదూ!

అంతలో పైనుంచి సర్క్యులర్ దిగింది. వెబ్‌సైట్ దివ్యాంగులతో సహా అందరికీ అందుబాటులో ఉండాలట. కొండలరావు తొణకలేదు.

"ఇప్పుడు తప్పిపోతే రెండు నిమిషాల్లో మళ్లీ వస్తుందిగా! తార్నాక చౌరస్తాలో సిటీ బస్సు కూడా అంత అందుబాటులో లేదే!"

అప్పుడొచ్చింది నవత. లాలాపేట్ నుంచి వచ్చి ఎం.ఏ. హిస్టరీ చదువుకుంటున్న అమ్మాయి. చూపు బాగా తక్కువ. ఫోన్‌లో అక్షరాన్ని పెద్దగా చేసుకుని, ఒక్కసారికి మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. పరీక్షలో ఆమె చెబుతుంటే రాసే మనిషి కావాలి. ఆ సహాయం కోసం దరఖాస్తు పెట్టుకునే ఆఖరి తేదీ ఆ లైనులోనే పరిగెడుతోంది. దరఖాస్తు అందకపోతే ఆమెకు పరీక్ష లేదు, ఏడాది పోతుంది.

"సార్, గా లైను ఉరుకుతనే ఉన్నది. నేను తేదీ కాడికి వచ్చేసరికి 'లోగా' అని ఒక్కటే దొరుకుతున్నది. ఆపే బటన్ ఒకటి పెట్టున్రి సార్."

"ఆపే బటనా? అందరూ ఆపేస్తే ఇంకేం నడుస్తుందమ్మా? సరే, అడిగావు కాబట్టి పెట్టిస్తాను."

కొండలరావు మాట తప్పే మనిషి కాదు. పెట్టించాడు. ఆ లైనులోనే పెట్టించాడు. 'ఇక్కడ నొక్కితే ఆగును' అన్న బటన్ సంతాప సభకూ హాల్ టికెట్లకూ మధ్య చక్కగా పరుగు తీసింది. దాన్ని పట్టుకోవడానికి హాస్టల్ కుర్రాళ్లు పోటీలు పెట్టుకున్నారు. చదువుకునే వయసులో వ్యాయామం ఎంత అవసరం!

వారం తర్వాత నవత మళ్లీ వచ్చింది.

"లాస్ట్ డేట్ వెళ్లిపోయిందమ్మా," అన్నాడు కొండలరావు.

"ఎటు పోయింది సార్?"

"కుడివైపు నుంచి వచ్చి ఎడమవైపుకి వెళ్లిపోయింది. రోజంతా వెళ్లింది. మేమేం దాచలేదే!"

"సోమవారం నుంచే పరీక్షలు సార్."

అయితే అర్జీ పెట్టుకోమన్నాడు, చేత్తో రాసి. రాయలేకనే కదండీ ఆ పిల్ల వచ్చింది! ఆఫీసులో అందరూ భోజనాలకు వెళ్లారు. చివరికి కొండలరావే కాగితం ముందుకు లాక్కున్నాడు. నవత మొదలుపెట్టింది. కోపం మీదుందేమో, ఊపిరి కూడా తీసుకోకుండా చెప్పుకుపోయింది. ఆయన రెండో లైనులోనే చతికిలపడ్డాడు.

"అమ్మా, ఆగాగు! అలా గడగడా వెళ్లిపోతే నేనెలా అందుకోవాలి?"

"గదే సార్ నా అర్జీ. గిప్పుడు మీరన్న మాటనే రాయున్రి."

కొండలరావు ఆమె ముఖంలోకి చూశాడు. తల వంచుకుని రాశాడు. నిజం చెప్పాలి కదా, ఆ మధ్యాహ్నమే అర్జీని తన చేతులతో పైకి తీసుకెళ్లి ఇచ్చాడు కూడా. పై అధికారులూ శుక్రవారానికల్లా నిర్ణయం తీసేసుకున్నారు.

ఏమని? ఒక్కరికే విడిగా చెబితే పక్షపాతమవుతుందని, ఆ లైనులో పెట్టారు. నా కళ్లు బాగానే పనిచేస్తాయి, పొద్దున్నుంచి చూస్తున్నాను. 'కుమారి నవత వినతిని పరిశీలించి సహాయకురాలిని మంజూరు చేయ...' దాకా వస్తోంది. అంతలో పేజీ రిఫ్రెష్ అయి లైను మళ్లీ మొదటికి పోతోంది. మన భాషలో అసలు సంగతంతా చివరి మాటలోనే ఉంటుందాయె! 'చేయడమైనది' అనో, 'చేయజాలము' అనో తెలియక నాకు ఒళ్లు మండిపోతోంది.

ఇవాళ ఆదివారం. ఆఫీసులో ఫోనెత్తేవాళ్లు లేరు, లైను మాత్రం డ్యూటీలో ఉంది. హబ్సిగూడలోనో విద్యానగర్‌లోనో చురుకైన కళ్లున్నవాళ్లెవరైనా ఉంటే, ఆ చివరి మాట పట్టుకుని లాలాపేట్‌లో ఒక అమ్మాయికి చెప్పండి. పరీక్ష రేపు పొద్దున పదింటికి.