కారు కింద జ్ఞానయ్య

కార్ల గురించి జ్ఞానయ్యకి తెలిసినంత నరసరావుపేటలో ఇంకెవరికీ తెలియదు. ఆ సంగతి జ్ఞానయ్యే చెబుతాడు. సొంత కారు లేకపోవడంతో ఆ జ్ఞానం ఎక్కడా ఖర్చు కాలేదు. మొత్తం నిలవుంది.

అలాంటి మనిషి ఇంటి ఆవరణలో ఒక నెలపాటు జర్మనీ కారు నిలబడింది. అది బావమరిది ఆనంద్ బాబుది. హైదరాబాదులో సెకండ్ హ్యాండులో కొన్నాడు. ఆఫీసువాళ్ళు ట్రైనింగుకని పుణె పంపుతుంటే, తన అపార్ట్‌మెంటు సెల్లార్లో ఎలుకలు వైర్లు కొరుకుతున్నాయని తెచ్చి అక్క ఇంట్లో పెట్టాడు. తాళం మాత్రం బావ చేతికి కాదు, అక్క చేతికిచ్చాడు. వారానికోసారి స్టార్ట్ చేసి ఆపితే చాలు, గేటు దాటించొద్దని మరీ మరీ చెప్పాడు.

వెళ్ళేముందు ఇంకో పని కూడా చేసిపోయాడు. వెనక వరండాలో వాషింగ్ మెషినుకి ఒక కాలు కురచ. బట్టలు పిండేటప్పుడు గంతులేసుకుంటూ గుమ్మం దాకా వచ్చేది. జ్ఞానయ్య దాని కింద అట్టముక్కలు, చెక్కపేళ్ళు, చివరికి కొబ్బరి చిప్ప కూడా పెట్టి చూశాడు. ఆగలేదు. ఆనంద్ బాబు కింద ఏదో పెట్టి కాసేపట్లో దాన్ని కదలకుండా చేసేశాడు. అప్పట్నుంచి బట్టలు ఉతికిన ప్రతిసారీ హెప్సిబా, "చూడయ్యా, మా తమ్ముడు చెయ్యిపెడితే ఎట్టా నిలబడిందో," అనేది. అందుకని జ్ఞానయ్య ఆ మెషిను వంక చూడడమే మానేశాడు.

హెప్సిబా భర్తకి ఒక ఆశ కూడా చూపించింది. నెల రోజులూ కారు గేటు దాటకుండా ఉంటే, మాచర్లలో అతని పెద్దన్న కూతురి పెళ్ళికి ఆ కారు తమ్ముణ్ణి అడిగిపెడతానంది. తోలేది నువ్వేనంది. ముగ్గురన్నలు చూస్తుండగా స్టీరింగు ముందు నుంచి దిగడం ఎలా ఉంటుందో జ్ఞానయ్య రోజూ స్నానాల గదిలో ప్రాక్టీసు చేసేవాడు. బోర్లించిన బకెట్టు మీద నుంచి లేచి, చేత్తో తలుపు వెనక్కి తోసి, తిరిగి చూడకుండా నడవాలి. అదీ పద్ధతి.

రెండు వారాలు మాట మీద నిలబడ్డాడు. హెప్సిబా చర్చి స్త్రీల కూడికకి సత్తెనపల్లి వెళ్ళిన రోజున బియ్యం డ్రమ్ములో కారు తాళం చేతికి తగిలింది. బియ్యంలో చెయ్యెందుకు పెట్టాడో ఎవరూ అడగలేదు. పక్కింటి పుల్లారావుని ఎక్కించుకుని ఎత్తిపోతల జలపాతానికి పోయాడు. నీళ్ళు చూసి, చేపల వేపుడు తిని, సాయంత్రానికల్లా కారు కడిగి ఉన్నచోటే పెట్టేశాడు. దారిలో ఒకచోట మాత్రం గుంటలో దిగినప్పుడు అడుగున గర్రుమంది. రాయి తగిలిందన్నాడు పుల్లారావు. రాయి కాదు, గేరు అన్నాడు జ్ఞానయ్య.

ఆ రాత్రి అన్నంలోకి హెప్సిబా చేపముక్కలు వడ్డించింది. మధ్యాహ్నం తిన్న రుచే అనిపించింది గానీ, అడిగితే ఏం బయటపడుతుందోనని తలొంచుకుని తిన్నాడు.

ఆనంద్ బాబు వచ్చే ఆదివారం దిగుతున్నానని ఫోన్ చేశాక, ఆ గర్రు మళ్ళీ చెవిలో మోగింది. హెప్సిబా కునుకు తీసే వేళ చూసి, గడ్డం గీసుకునే అద్దం పట్టుకుని జ్ఞానయ్య కారు కిందికి తొంగి చూశాడు. తలుపుల కింద అంచున, చక్రాల పక్కన, నల్లటి ప్లాస్టిక్ బిళ్లలు బిగించి ఉన్నాయి. అటు రెండు. ఇటు ఒకటే. రెండోది ఉండాల్సిన చోట నలుచదరం కంత.

ఏమిటవి? దేనికి పెట్టారు? ఒకటి లేకపోతే ఏమవుతుంది? ఫోన్లో వెతికితే ఒక దొర కనపడ్డాడు. జాకీ పెట్టినప్పుడు కారు అడుగున రేకు సొట్టపోకుండా కాసే బిళ్లలట అవి. పాతది లాగాలి, కొత్తది నొక్కాలి, టక్కుమంటే కూర్చున్నట్టే. రెండు నిమిషాల పని అన్నాడు దొర. జ్ఞానయ్య చెవుల్లో ఇయర్ ఫోన్లు పెట్టుకుని రోజంతా అదే చూశాడు. ఏం వింటున్నావని హెప్సిబా అడిగితే బైబిలు వాక్యం అన్నాడు.

"వాక్యానికి స్క్రూడ్రైవర్ ఎందుకయ్యా?"

"చేతిలో ఏదో ఒకటి ఉండాలి గదా."

ఇలాంటి బిళ్ల ఎక్కడైనా కనపడిందా అని పెళ్ళాన్ని ఒక్కమాట అడిగితే సరిపోయేది. కానీ ఎందుకు అంటే ఏం చెప్పాలి? ఎత్తిపోతల చెప్పాలి. ఎత్తిపోతల చెబితే మాచర్ల పోతుంది.

అందుకని పుల్లారావు బండెక్కి మళ్ళీ ఎత్తిపోతల రోడ్డుకే పోయాడు. గర్రుమన్నచోట ఇద్దరూ గొంతుక్కూర్చుని వెతుకుతుంటే, బంగారమేదో పడిపోయిందని దారినపోయేవాళ్ళు కూడా దిగి వెతికారు. ఒకాయన బస్సు ఆపించి మరీ దిగాడు. పోయింది నల్లబిళ్ల అని చెప్పాక, తాయెత్తా అని జాలిగా అడిగి వెళ్ళిపోయారు.

స్పేర్ పార్టుల షాపతను శాంపిల్ తెమ్మన్నాడు. జ్ఞానయ్య అటువైపు బాగున్న బిళ్లని స్క్రూడ్రైవర్‌తో ఎగదీశాడు. టక్కుమంది. అది దొర చెప్పిన టక్కు కాదు. బిళ్ల కొక్కెం విరిగిన టక్కు. షాపతను ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, మద్రాసు నుంచి రావాలి, పదిరోజులు పట్టుద్దన్నాడు. ఇప్పుడు కంతలు రెండయ్యాయి. ఆదివారం మాత్రం అదే ఆదివారం.

అప్పుడతని చూపు తన కాళ్ళ మీద పడింది. నల్ల రబ్బరు చెప్పులు. బ్లేడుతో కొలతకి కోసి, బంక రాసి, శనివారం పొద్దున కారు పక్కన వెల్లకిలా పడుకుని తల లోపలికి దూర్చాడు. ఎదురింటి వెంకటరమణమ్మకి గేటులోంచి రెండు ఉత్త కాళ్ళు కనపడ్డాయి. మనిషి పడిపోయాడనుకుని, పరుగున వచ్చి చెంబుడు నీళ్ళు కుమ్మరించింది. జ్ఞానయ్య ఉలిక్కిపడి లేవబోతే నుదురు రేకుకి కొట్టుకుంది. ఆ చప్పుడుకి వీధి సగం వచ్చింది. వచ్చినవాళ్ళు ఊరికే ఉండకుండా ఒక్కొక్కరే వంగి, కారు కింద ఏముందో చూసి పోయారు.

హెప్సిబా అందరికన్నా ఆఖర్న వచ్చింది.

"ఏం చేస్తున్నావు?"

"టైర్లలో గాలి చూస్తన్నా."

"పడుకుని చూస్తే చానా కనపడుద్దా? చెప్పులేవి?"

"వదిలేశా."

"మనలో చెప్పులొదిలే దీక్ష ఎప్పుడొచ్చిందయ్యా, పాస్టరుగారు చెప్పనేలేదే," అని లోపలికి పోయింది.

ఆదివారం గుడి నుంచి వచ్చేసరికి ఆనంద్ బాబు దిగాడు. భోజనాలయ్యాక బ్యాగులోంచి ఒక డబ్బా తీశాడు. అందులో నాలుగు నల్లబిళ్లలు, కొత్తవి, నిగనిగలాడుతున్నాయి. జ్ఞానయ్య వాటిని రెండుసార్లు లెక్కపెట్టాడు.

"వెనకది ఒకటి లూజయింది బావా. దార్లో పడిపోద్దని నేనే ఊడదీసి, అక్క మెషిను కింద పెట్టిపోయా. సరిగ్గా కొలిచినట్టు కూర్చుంది. ఇప్పుడు మొత్తం మార్చేద్దాం," అంటూ పోయి కారు కిందికి వంగాడు. లోపల నుంచి మాట వినపడింది. "అక్కా, నా కారు చెప్పులేసుకుందేంది?"

ఇక ఎవరూ అడక్కుండానే జ్ఞానయ్య బియ్యం డ్రమ్ముతో మొదలుపెట్టి అంతా చెప్పేశాడు. చేపల వేపుడు కూడా దాచలేదు. హెప్సిబా ముఖంలో ఏమీ మారలేదు.

"ఆ రాత్రి నీకేసిన ముక్కలు ఎక్కడివనుకున్నావు? పుల్లారావు ఇంటికి పొట్లం తెచ్చాడు. వాళ్ళావిడ స్వాతి గోడమీంచి నాకు రెండు ముక్కలిచ్చింది, మీ ఆయనే కారులో తీసకపోయాడక్కా అని."

"తెలిస్తే అప్పుడే అడగొచ్చుగా."

"అడిగితే అబద్ధం చెప్తావు. అడక్కపోతే ఏం చేస్తావో చూద్దామనుకున్నా. ఎత్తిపోతల తెలుసు గానీ, కారు కిందికెందుకు దూరుతున్నావో, చెప్పులెందుకు కోస్తన్నావో నాకేం తెలుసు? పొయ్యి మీద కూర మాడినా కిటికీ వదల్లేదయ్యా."

జ్ఞానయ్య వెనక వరండాలోకి పోయి, ఇన్నాళ్ళకి మొదటిసారి మెషిను ముందు వంగాడు. కురచ కాలి కింద నల్లబిళ్ల బుద్ధిగా కూర్చునుంది.

ఆనంద్ బాబు మంచివాడు. మూడు బిళ్లలు తనే మార్చి, నాలుగోది బావ చేతికిచ్చాడు. జ్ఞానయ్య నొక్కాడు. టక్కుమంది. ఈసారి దొర చెప్పిన టక్కే.

పెళ్ళికి మాచర్ల ఆ కారులోనే వెళ్ళారు. ఆనంద్ బాబు తోలాడు. హెప్సిబా ముందు సీట్లో కూర్చుంది. జ్ఞానయ్య వెనక, పెళ్ళికూతురికిచ్చే ఇత్తడి బిందె ఒళ్ళో పెట్టుకుని, కొత్త చెప్పులతో. పందిరి దగ్గర ముగ్గురన్నలూ నిలబడి ఉన్నారు. జ్ఞానయ్య దిగి, చేత్తో తలుపు వెనక్కి తోసి, తిరిగి చూడకుండా నడిచాడు.

"కారు బాగుందిరా. తోలేది నువ్వు కాదేంది?" అన్నాడు పెద్దన్న.

జ్ఞానయ్య బిందె ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకున్నాడు. వెనక హెప్సిబా అడుగుల చప్పుడు ఆగింది.

"పైన సంగతి బామ్మర్ది చూసుకుంటాడన్నా," అన్నాడు. "కింద పనంతా నాది."