కౌంట్‌గారి చల్లారిన సూప్

మాట మీద నిలబడడం ఒంటికి మంచిది కాదు పాఠకులారా! కాళ్లు పీకుతాయి. నమ్మకపోతే, వాల్డెన్‌రోడ్ అనే చిన్న జర్మన్ రాజ్యంలో మన ఫ్రాన్స్ రాయబారి కౌంట్ ఒడిలాన్ ద మార్సిలాక్‌ను చూడండి.

పారిస్‌లో రాజును తరిమేశారు. కౌంట్ కుడిచెయ్యి ఎత్తి కొత్త రాజుకు ప్రమాణం చేశాడు. ఆ రాజూ పారిపోయాడు. రిపబ్లిక్‌కు చేశాడు. అదీ పోయి చక్రవర్తి వచ్చాడు. ఆయనకీ చేశాడు! ఇంతకంటే దేశభక్తి ఏముంటుంది? కౌంట్ తమ్ముడు మాత్రం మొదటి రాజుతోపాటే ఉద్యోగం వదిలేసి పల్లెలో కూర్చున్నాడు. అయ్యో పాపం!

చిక్కంతా వాల్డెన్‌రోడ్‌ను ఏలే గ్రాండ్ డ్యూక్‌గారి భోజనాల బల్ల దగ్గరే. అక్కడ నియామకపత్రం అందరికంటే ముందు ఇచ్చిన రాయబారికి డచెస్‌గారి పక్క కుర్చీ. సూప్ వడ్డన మొదలయ్యేది అక్కడే. స్వదేశంలో ప్రభుత్వం మారితే మళ్లీ కొత్త పత్రం ఇవ్వాలి, పాత సీనియారిటీ గంగలో కలుస్తుంది. అలా ప్రమాణం చేసినప్పుడల్లా కౌంట్ తలుపు పక్కకి చేరేవాడు. సూప్ అక్కడికొచ్చేసరికి మీగడ కట్టేది.

"రండి రండి కౌంట్‌గారూ! ఊరికి కొత్తా?" అని డెన్మార్క్ రాయబారి ప్రతిసారీ పలకరించేవాడు. వాళ్ల దేశంలో రాజుల్ని తరిమే అలవాటే లేదట. ఎంత వెనకబాటుతనం!

ఇంట్లో కౌంటెస్ జెనోబీ ఊరుకుంటుందా? "ఏమండీ, ఆ చెయ్యి దించకండి. మళ్లీ ఎత్తే శ్రమ ఎందుకు?"

"నవ్వు, నవ్వు! ఒక్కసారైనా ఆ సూప్ వేడిగా తాగకపోతే నా పేరు ఒడిలాన్ కాదు!"

చివరికి ఆ రోజు వచ్చింది. చక్రవర్తి కుదురుగా ఉన్నాడు. డెన్మార్క్ ముసలాయన ఉద్యోగం చాలించుకుని వెళ్లిపోయాడు. కౌంట్ డచెస్‌గారి పక్కన కూర్చున్నాడు. సూప్ పొగలు కక్కుతోంది. సంతోషం పట్టలేక ఆయన కళ్లు చెమర్చాయి. చెంచా ఎత్తాడు.

తలుపు తెరుచుకుంది. పొరుగు దేశం ప్రష్యా సైన్యపు మేజర్ ఒకడు బూట్లు టకటకలాడిస్తూ వచ్చాడు. "ఈ రాజ్యాన్ని మా రాజ్యంలో కలిపేశాం. ఇక కొలువూ లేదు, రాయబారులూ లేరు. లేవండి, లేవండి!"

కౌంట్ చెంచా వదిలేసి, అలవాటు కొద్దీ కుడిచెయ్యి ఎత్తాడు. "చెప్పండి, ఎవరి పేరున చేయమంటారు?"

"మీ ప్రమాణం మాకెందుకయ్యా?" అన్నాడు మేజర్.

బగ్గీలో ఆయన భార్య పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. కౌంటెస్‌కు జాలేసింది. ఆయన శాలువా సర్దుతూ, "ఆకలేస్తోందా? మీ తమ్ముడింటికి పోదాం పదండి. ఆయన రోజూ సూప్ వేడివేడిగానే తాగుతున్నాడు" అంది.

అయినా సరే, మీరు మాత్రం మాట మీద నిలబడకండి పాఠకులారా! అందరూ నిలబడితే మన సర్కారుకు ఉద్యోగులు ఎక్కడ దొరుకుతారు?