ముసలి జెబ్ కుడిచేతి గడియారం

"దక్షిణార్ధగోళంలో నేరస్థులు ఇంకా కంటినిండా నిద్రపోతున్నారంటే కారణం ఒక్కటే గ్వెండా! వాళ్లింకా నా కంటపడలేదు!"

ఈ మాటన్నవాడు అంబ్రోస్ టిక్నర్. హోబార్ట్ అనే ద్వీపనగరంలో ఒక ఇనప సామాన్ల దుకాణంలో మేకులూ మరలూ అమ్ముతాడు. అది ఉద్యోగమని ఒప్పుకోడు, మారువేషమంటాడు. పదకొండేళ్లుగా ఆ మారువేషం విప్పిన పాపాన పోలేదు. ఇంతవరకూ అతను పట్టుకున్న నేరస్థుల్లో చెప్పుకోదగ్గది పక్కింటి పిల్లి. దాన్ని కూడా తర్వాత నిర్దోషిగా వదిలెయ్యాల్సి వచ్చింది.

"ప్లేట్లో ఆ పై రొట్టె చల్లారిపోతోంది, తిను," అంది గ్వెండా.

గ్వెండాకీ అతనికీ స్నేహం కుదరడానికి పెద్ద కారణాలేవీ లేవు. ఇద్దరిదీ ఒకే వీధి, అతనికి వేరే స్నేహితులు లేరు, ఆమెకి పొమ్మని చెప్పడం చేతకాదు. ప్రతి గురువారం మధ్యాహ్నం బేకరీలో స్కాలప్ గుల్లలు కూరిన పై తింటూ అతని ప్రగల్భాలు వినడం ఆమెకి అలవాటైపోయింది. సగం వినేది కాదు కాబట్టే ఇన్నేళ్లు తట్టుకోగలిగింది.

ఆ గురువారం మాత్రం ఆమెకి పై కూడా రుచించలేదు.

'ఉప్పుదీపం' అనే వీడియో గేములు తయారుచేసే చిన్న స్టూడియోలో ఆమె పనిచేస్తోంది. పాత గేముల్లో ఎవరు పుట్టారో, ఎవరు చచ్చారో గుర్తుపెట్టుకుని, కొత్త గేము ఆ కథకి అడ్డం తిరగకుండా చూడటం ఆమె పని. మొదటి గేములో దీపస్తంభం కాసే ముసలి జెబ్ చివర్న తుఫానులో మునిగి చచ్చిపోతాడు. రెండోది అతని పడుచుతనం కథ. మూడోది సెప్టెంబరులో రావాలి. దాంట్లోంచి ఓ అరగంట ముక్క నమూనాగా పోయిన వారం జనం మీదికి వదిలారు. అందులో, మొదటి గేములోనే సముద్రంలో మునిగిపోయిన జెబ్ ఇంటి చెప్పులు వేసుకుని వంటింట్లో సాసేజీలు వేయించుకుంటున్నాడు!

అంతే, అభిమానులు మూడు ముఠాలుగా చీలిపోయారు. జెబ్ చావలేదని ఒకరు, ఇది వేరే లోకమని ఇంకొకరు, ఇదంతా మునిగిపోతున్నవాడి కల అని మరొకరు. పనీ పాటా ఉన్నవాళ్లెవరూ ఇంత ఓపిగ్గా తిట్టుకోలేరు.

"మోరాగ్ ఏమంది?" అన్నాడు అంబ్రోస్. మోరాగ్ స్టూడియో యజమానురాలు.

"రేపు సాయంత్రంలోగా ఒక్క పేజీ రాసివ్వాలంది. మూడో గేము మొదటిదానికి ముందొస్తుందా, వెనకొస్తుందా, అసలు ఆ లోకంలోదేనా? చెప్పలేకపోతే నెలాఖరుకి నా కాంట్రాక్టు సరి. కథ సరిగ్గా ఉందని సంతకం పెట్టింది నేనే కదా."

"ఎందుకు పెట్టావు?"

"ఫెర్గస్ మాట నమ్మి. చచ్చినవాడు సాసేజీలు వేయించడమేమిటయ్యా అని అడిగితే, 'అంతా పాత నోట్సులో ఉంది, నీలం ఫైల్లో చూసే రాశాను' అన్నాడు. ఇప్పుడా ఫైలు చూపించమంటే సొరుగుకి తాళం వేసుకుని కూచున్నాడు."

ఫెర్గస్ ఏడు నెలల కిందట చేరిన కథారచయిత. మెల్బోర్న్ నుంచి వచ్చాడు. ఆ ఊరి పేరు వినగానే అంబ్రోస్ కళ్లు మూసుకుని, ముక్కు రంధ్రాలు పెద్దవి చేశాడు. తీవ్రంగా ఆలోచిస్తున్నప్పుడూ, తుమ్ము వచ్చేటప్పుడూ అతను అలాగే చేస్తాడు.

"సముద్రం దాటి వచ్చాడన్నమాట..."

"ఓడలో ఓ రాత్రి పడుకుంటే వచ్చేస్తారు. అందులో వింతేముంది?"

"రక్తం గడ్డకట్టే కుట్ర ఉంది! విను. సాసేజీలు వేయించేవాడి గడియారం ఏ చేతికుంది?"

"నాకేం తెలుసు!"

"కుడిచేతికి! మొదటి గేములో జెబ్ గడియారం ఎడమచేతికి. రెండో గేములో కొన్నిచోట్ల కుడిచేతికి. అందుకే ఎనిమిదేళ్ల కిందటే తేల్చాను, జెబ్‌కి ఒక కవల సోదరుడున్నాడని! మునిగింది జెబ్, సాసేజీలు వేయించేది కవల. ఈ గేముల మీద నా సైటులో రాశాను కూడా. నువ్వు చదవలేదా?"

చదవలేదు. దీపస్తంభం అంతరిక్ష నౌక అనీ, ద్వీపంలోని మేకే కథ చెబుతోందనీ అతను తేల్చిన ఏడాదే ఆమె ఆ సైటుకి దండం పెట్టేసింది.

"మా రెండు గేముల్లో కవల అన్న మాటే లేదు అంబ్రోస్. నేను ఒక్కో మాటా వెతికాను."

"అదే కదా నా ప్రశ్న! కవల సంగతి నా ఒక్కడి బుర్రలో పుట్టింది. మరి మీవాళ్లకెలా తెలిసింది? తెలియాలంటే, మొదటినుంచీ స్టూడియోలో ఒక రహస్య గ్రంథం ఉండి తీరాలి! నీలం ఫైలు అదే! రేపే దాన్ని బయటికి లాగుతాను!"

కవల సంగతి వీళ్లకెలా తెలిసిందో చెప్పడానికి డిటెక్టివ్ అక్కర్లేదు, మూడో తరగతి పిల్లాడు చాలు. కానీ అంబ్రోస్‌ది మహా మేధస్సు. దానికి దగ్గరివి కనబడవు. ఉద్యోగం పోతుందన్న బెంగలో ఉన్న గ్వెండాకి కూడా ఆ క్షణాన తట్టలేదు. "నువ్వు మాత్రం రాకు నాయనా, నీకు పుణ్యముంటుంది," అని మటుకు బతిమాలింది.

మర్నాడు పదింటికి రానే వచ్చాడు.

మెరిసే నారింజరంగు జాకెట్, ఒక చేతిలో రాసుకునే అట్ట, ఇంకో చేతిలో పసుపు చీటీల కట్ట. కరెంటు తీగలు పరీక్షించి, బాగున్నవాటికి చీటీ చుట్టి వెళ్లే మనిషి వేషం. ఆ జాకెట్ వేసుకుంటే ఈ ఊళ్లో బ్యాంకు ఖజానాలోకి కూడా తలుపు తీసి పంపిస్తారు, పైగా బరువు పట్టమంటారా అని అడుగుతారు. స్టూడియోలోనూ అలాగే పంపించారు. గ్వెండా అతన్ని చూసి ముఖం కంప్యూటరు వెనక దాచుకుంది.

మొదటి అరగంటలో అతను నాలుగు కంప్యూటర్లకీ, చేపల తొట్టికీ, ఎవరో మర్చిపోయిన గొడుక్కీ చీటీలు చుట్టాడు. తర్వాత ఫెర్గస్ బల్ల దగ్గర ఆగాడు.

"ఈ సొరుగు తెరవాలండీ. పరీక్షించాలి."

"సొరుక్కి తీగ లేదు కదా?" అన్నాడు ఫెర్గస్.

"అదే నాకూ అనుమానంగా ఉంది."

ఫెర్గస్ చాలా మర్యాదస్తుడు. పిచ్చివాడనుకుని కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు, తాళంచెవి మాత్రం జేబులోనే ఉంచుకున్నాడు.

అంబ్రోస్ పథకం పక్కాగా ఉంది. పదిన్నరకి అందరూ టీకి లేస్తారు. ఆ పదిహేను నిమిషాలూ ఆఫీసు ఖాళీ. సొరుగు తాళం తియ్యడానికి హెయిర్‌పిన్ను తెచ్చుకున్నాడు. లోకంలో ఏ శక్తీ తనను ఆపలేదనుకున్నాడు. అనుకున్నట్టుగానే పదిన్నరకి అందరూ లేచారు, ఆఫీసు ఖాళీ అయింది. అంబ్రోస్ కూడా వాళ్లతోపాటే టీగదిలోకి వెళ్లాడు. ఆరోజు ఎవరిదో పుట్టినరోజు, చాక్లెట్లో ముంచి కొబ్బరికోరు అద్దిన లామింగ్టన్ కేకులున్నాయి.

మూడు తిన్నాక అతనికి కర్తవ్యం గుర్తొచ్చింది. తనమీద అనుమానం రాకుండా టీగదిలో కూడా పరీక్ష మొదలుపెట్టి, మరుగుతున్న కెటిల్ తీగ పీకేశాడు.

అందరూ ఖాళీ కప్పులతో అతనివైపు తిరిగారు. జెబ్ చచ్చినా బతికినా వీళ్లకి ఇంత బాధ లేదు.

"ఏమయ్యా, నీకు బుద్ధుందా?" అని లేచింది మోరాగ్. "పన్నెండుమంది టీ కోసం నిలబడ్డారు, కనబడటం లేదూ? ముందు బయటికి నడు!"

నడవలేదు, పరిగెత్తాడు. ఆ కంగారులో సొరుగున్న గదనుకుని పక్కన ప్రింటరున్న గదిలో దూరాడు. గ్వెండా వెంటపడింది.

"అంబ్రోస్! ఇంకొక్కటి ముట్టుకున్నావంటే..."

ముట్టుకున్నాడు. ప్రింటరు దగ్గర ఎర్రదీపం వెలుగుతోంది. "ప్రమాద సంకేతం!" అంటూ దాని తీగ లాగాడు, ఒక చీటీ చుట్టాడు, మళ్లీ పెట్టాడు. పొద్దుట్నుంచీ ఫెర్గస్ ఎన్ని మొత్తినా కదలని యంత్రం ఒక్కసారి గురకపెట్టి, గొంతులో ఇరుక్కున్న కాగితాలన్నీ కక్కేసింది.

మొదటి కాగితం గ్వెండా కాళ్ల దగ్గర పడింది. తీసి చదివింది. ముసలి జెబ్ కవల సోదరుడి పుట్టుక, స్వభావం, సాసేజీల మీద అతని ప్రీతి, అన్నీ వివరంగా ఉన్నాయి. రెండు వాక్యాలు చదివేసరికే ఆమెకి ఆ గొంతు తెలిసిపోయింది. ఎన్నో గురువారాలు విని విని చెవులు తూట్లు పడ్డ గొంతు. కాగితం అడుగున చిన్న అక్షరాలతో ఇలా ఉంది: *ఇందులో తప్పు పట్టగలవాడు ఇంకా పుట్టలేదు. ఇట్లు, అంబ్రోస్ టిక్నర్, డిటెక్టివ్.*

"నా సైటు!" అన్నాడు అంబ్రోస్, నోరు వెళ్లబెట్టి. "నా సైటుని రహస్య గ్రంథంలోంచి ఎవరో కాపీ కొట్టారు!"

"నువ్వే రాశావు కదయ్యా!"

"అంటే... నేనే కాపీ కొట్టానంటావా?"

గ్వెండాకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంతలో మోరాగ్ వచ్చింది, ఆమె వెనక పాలిపోయిన ముఖంతో ఫెర్గస్ వచ్చాడు. గ్వెండా కాగితం చేతికిచ్చి, రాసింది ఈ జాకెట్ మనిషేనని చెప్పగానే అతను నిజం కక్కేశాడు. స్టూడియో పాత ఇంట్లోంచి మారినప్పుడు నోట్సుల పెట్టెను ఎవరో చెత్తతోపాటు వీధిలో పెట్టేశారట. చేరిన మొదటివారమే ఆ సంగతి తెలిసింది. అడిగితే ఉద్యోగం పోతుందేమోనని భయపడి, అభిమానుల సైటు ఒకటి దొరికితే మొత్తం అచ్చు తీసి, అడుగున ఉన్న సంతకాలు కత్తెరతో కత్తిరించి, నీలం ఫైల్లో పెట్టుకున్నాడు. ఇవాళ మోరాగ్‌కి చూపించడానికి ఇంకో ప్రతి అచ్చు తీస్తుంటే కాగితం ఇరుక్కుంది.

"చాలా బాగా రాశారండీ," అన్నాడు ఫెర్గస్ అంబ్రోస్‌తో. "పుటల సంఖ్యలు కూడా వేశారు. నిజమనే అనుకున్నాను."

"నిజమే కదా!" అని ఛాతీ విరిచాడు అంబ్రోస్. "సాక్ష్యం కుడిచేతి గడియారం!"

"ఏ గడియారం?" అంది మోరాగ్. "రెండో గేములోదా? దాంట్లో జెబ్ బొమ్మ వేసింది నేనేనయ్యా. ఎడమవైపు నడిచే బొమ్మ ఒక్కటే వేశాను. కుడివైపు నడవాల్సి వచ్చినప్పుడు అదే బొమ్మని అద్దంలోలాగా తిప్పి పెట్టాను. గడియారం చేయి మారింది. అందరూ చేసే పనే అది. రెండో బొమ్మ వెయ్యాలంటే ఇంకో నాలుగు రోజులు పట్టేది."

"అంటే కవల..."

"కవలా లేడు, మేనమామా లేడు. నా బద్ధకం ఉంది, అంతే."

అంబ్రోస్ గోడకి ఆనుకున్నాడు. ఎనిమిదేళ్లుగా అతను ఆ కవల కోసం కనబడిన ప్రతి అభిమానితోనూ వాదించాడు. అతని గొప్పంతా ఆ ఒక్క గడియారం మీద నిలబడి ఉంది. నారింజ జాకెట్లో మనిషి సగమైపోయినట్టు కనిపించాడు. గ్వెండాకి జాలేసింది. బిస్కెట్టు టీలో నానేంతసేపు వేసింది, తర్వాత తన కాంట్రాక్టు గుర్తొచ్చి ఆ జాలి కాస్తా తన మీదికే మళ్లింది.

"గేము తయారైపోయింది," అంది మోరాగ్, తల పట్టుకుని. "ఆ సాసేజీలవాణ్ణి తీసెయ్యాలంటే మళ్లీ ఏడాది పడుతుంది. మన దగ్గర ఏడాది లేదు. గ్వెండా, ఇప్పుడు చెప్పు. ఇది ఎక్కడొస్తుంది?"

గ్వెండా ఒక ఖాళీ కాగితం తీసుకుంది. కోపంలోనే రాసింది, దాచుకోలేదు: 'మూడో గేము మొదటిదానికి వెనకొస్తుంది, ఆ లోకంలోదే. మునిగింది జెబ్. బతికింది అతని కవల. ఆ కవలని కన్నతల్లి మా బద్ధకం, పెంచిన తండ్రి అంబ్రోస్ టిక్నర్. మేం చూసుకోకుండా దత్తత తీసుకున్నాం.'

మోరాగ్ రెండుసార్లు చదివింది. "చివరి రెండు వాక్యాలు కొట్టేస్తే సరిపోతుంది," అంది. "అయినా రెండు లైన్లు చూసి ఇది ఎవరి రాతో పట్టేశావు. ఆ పని ఇక్కడ ఇంకెవరికీ చేతకాలేదు. నీ కాంట్రాక్టు ఇంకో రెండేళ్లు పొడిగిస్తున్నాను."

గ్వెండా గుండెలమీంచి బండ దిగింది.

"ఒకటే షరతు. మన లోకం గురించి మనకంటే ఈయనకే ఎక్కువ తెలిసినట్టుంది. నాలుగో గేముకి నువ్వూ ఈయనా కలిసి కూచోవాలి. వారానికి అయిదు రోజులు."

దిగిన బండ మళ్లీ వచ్చి అక్కడే కూచుంది. "మోరాగ్, నెలాఖరుకే నా కాంట్రాక్టు సరి అన్నారు కదా... దాని గురించి ఇంకోసారి ఆలోచిద్దామా?"

ఆ సరికి అంబ్రోస్ గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. ముక్కు రంధ్రాలు మళ్లీ పెద్దవయ్యాయి.

"కేసు పరిష్కారమైంది!" అని ప్రకటించాడు. "దోషిని నేనే పట్టుకున్నాను!"

"దోషివి నువ్వే కదరా బాబూ!" అంది గ్వెండా, ఏడుపు గొంతుతో.

"అందుకే ఎనిమిదేళ్లు పట్టింది. మామూలువాడైతే ఎప్పుడో దొరికిపోయేవాడు."