ఆకుపచ్చ సంచుల ముఠా

"నేరం ఏడున్నా నా ముక్కుకు వాసన తగుల్తది హైదరూ! పాలమూరు జిల్లా మొత్తంల గిట్లాంటి ముక్కు ఇంకోటి లేదు" అని వనపర్తి నుంచి గద్వాల పోయే బస్సులో కురుమయ్య ప్రకటించాడు. ఆ సమయంలో అతని కాలి కింద ఎవరిదో పప్పు డబ్బా నలిగి మూత ఊడింది. ఆ వాసన మాత్రం ముక్కుకు తగల్లేదు.

కురుమయ్యకు తిమ్మాజిపేటలో జిరాక్సు కొట్టు ఉంది. గిరాకీ లేనప్పుడు అద్దెకు తెచ్చిన డిటెక్టివ్ నవలలు చదువుతాడు. గిరాకీ ఎప్పుడూ ఉండదు. చదివి చదివి తనకు తానే డిటెక్టివ్ అయ్యాడు. ఇంతవరకు ఒక్క దొంగనూ పట్టలేదు గానీ ఊళ్లో అనుమానించని మనిషి లేడు. కట్టుకున్న అమృతమ్మ మీద కూడా రెండు పేజీలు రాసిపెట్టాడు.

హైదర్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అతను బోరు మోటర్లకు వైండింగు చేసే మనిషి. నీళ్లు లేని బోర్లలో తిరిగి తిరిగి కాలిపోయిన మోటర్లు ఇరవై ఏళ్లుగా అతని ముందుకొస్తున్నాయి. కృష్ణకు వరదొచ్చిందని, జూరాల గేట్లు ఎత్తారని పేపర్లో పడింది. అన్ని నీళ్లు ఒక్కచోట ఎట్లుంటాయో బతుకులో ఒక్కసారి చూడాలనిపించింది. వరద తగ్గుతోందని, ఇవాళ సాయంత్రం ఐదింటికి గేట్లు దించుతారని కూడా అదే పేపర్లో ఉంది. అందుకే దుకాణం మూసి, ఆకుపచ్చ సంచి వీపున వేసుకుని బయల్దేరాడు. పొద్దున గద్వాల కోట, తర్వాత తిండి, ఆ తర్వాత డ్యాము. ఆ లెక్కలో కురుమయ్య లేడు. "తెల్వని ఊరు, నీకు రక్షణ కావాలె" అంటూ తనంతట తనే ఎక్కాడు.

కోట చూశారు. పన్నెండింటికి బురుజు నీడలో కూర్చుని హైదర్ సంచి జిప్పు లాగాడు. రొట్టెలు లేవు. తువ్వాలా లేదు. జానెడు పొడుగు దళసరి అట్టలు ఉన్నాయి. ఒకదానికొకటి దారంతో కుట్టి, మడతల మీద మడతలు. ప్రతి అట్ట నిండా చిల్లులు.

"సంచి మారింది" అన్నాడు హైదర్. "బస్సు దిగేటప్పుడు ఎవరిదో పట్టుకొచ్చిన."

"మారలేదు" అన్నాడు కురుమయ్య, కళ్లు చిట్లించి. అపరాధ పరిశోధన మొదలైతే అతనికి పుస్తకాల భాష వస్తుంది. "మార్చారు!"

"నా నాలుగు జొన్నరొట్టెల కోసమా? పల్లీల తొక్కు కోసమా?"

"అది పైకి కనిపించే కథ. ఇది రంధ్రాల లిపి. ఒక భయంకర ముఠా పంపుతున్న సందేశం!"

హైదర్ అట్టను వేళ్లతో తడిమాడు. "మిషిన్ల పెట్టేదేదో అనిపిస్తుంది. కొలత పెట్టి కొట్టినట్టున్నయి చిల్లులు."

"నీకు ఏది చూసినా మోటరే కనబడ్తది."

"జర నా మాట విను కురుమన్నా. బస్టాండ్ల అప్పజెప్పి పోదాం. పాపం ఎవరో పరేషాన్ అయితుంటరు."

"సాక్ష్యం చేతులు మారరాదు!" అంటూ కురుమయ్య సంచిని తన వీపున తగిలించుకున్నాడు.

హైదర్ అప్పుడే డ్యాము వైపు పోయే ధరూర్ ఆటో ఎక్కి పోవచ్చు. కానీ ఆ సంచిని తెచ్చింది తన చెయ్యి. పరాయి సొమ్ము పోగొట్టి నీళ్లు చూస్తే చూసినట్టుండదు. గడియారం చూసుకుంటూ వెనకే నడిచాడు.

బజారుకు రాగానే కురుమయ్య టక్కున ఆగాడు. ఎదురుగా పోతున్న మనిషి వీపున అదే ఆకుపచ్చ సంచి, మీద తెల్లటి పత్తికాయ బొమ్మ. సోడా బండి దగ్గర ఇంకొకటి. చెప్పుల కొట్టు ముందు మూడు. పావుగంటలో పదిహేడు లెక్క తేలాయి.

"ముఠా నేననుకున్నదానికంటే పెద్దది" అని గొణిగాడు.

"ముఠా గాదు, మన్నుగాదు. పత్తి గింజలు కొన్నోళ్లకు కంపెనీ ఊరికె ఇచ్చిన సంచులన్నా గవి. నాకు గూడ ఒక రైతే ఇచ్చిండు. మన తిమ్మాజిపేటల ఇంటికొకటున్నది."

కురుమయ్య మొహం పాలిపోయింది. "అంటే మన ఊరిదాక పాకిందన్నమాట!"

ఆకుపచ్చ సంచి పక్కన పెట్టుకుని కూరగాయలమ్ముతున్న ముసలమ్మ ముందు కూలబడ్డాడు.

"అవ్వా! సంచిలో ఏముంది? నిజం చెబితే వదిలేస్తాను."

"బెండకాయలు. కొంటవా, జరుగుతవా?"

కురుమయ్య ఒక బెండకాయ తీసి మధ్యకు విరిచి, లోపల గింజలు పరిశీలించాడు.

"ఓరి నీ చేతులు పడిపోను! కొనకుండ ఇరుస్తవేంరా? కండ్లు మొఖానికున్నయా, మోకాలికున్నయా?"

హైదర్ ఆమెకు దండం పెట్టి అతన్ని లాక్కొచ్చాడు. అంతలో సైకిలు మీద ఒక పోలీసాయన పోయాడు. హ్యాండిలుకు అదే సంచి. ఇక పోలీసులకు చెప్పే దారి కూడా మూసుకుపోయింది.

మూడైంది. హైదర్ కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నాయి. కురుమయ్య మాత్రం అట్టను ఎండకు పట్టి, నేల మీద పడిన వెలుతురు చుక్కలు చదువుతున్నాడు. "కుడికి మూడు, ఎడమకు రెండు... ఇది పటం!" అని చుక్కలు చెప్పినట్టు సందులు తిరిగాడు. ఒకే పాల కొట్టు ముందు నుంచి నాలుగుసార్లు పోయాక, ఎన్నడూ చూడని వీధిలోకి వచ్చి పడ్డారు. ఇంటింట్లోంచి టకటకా, టకటకా చప్పుడు.

"విన్నావా? రహస్య సందేశాలు పంపే యంత్రాలు!"

"మగ్గాలేమో అన్నా. గద్వాల చీరెలని వినలేదా?"

"ష్! అదిగో, ఆ ఒక్క ఇంట్లో చప్పుడు లేదు. అందరూ కొడుతుంటే వీళ్లెందుకు కొట్టడం లేదు? నిశ్శబ్దమే నేరానికి సంతకం!"

ఆ ఇంటి కిటికీ కింద ఒక రాయి, రాయి పక్కన నూలుకు పెట్టడానికి కాచి చల్లారబెట్టిన గంజి గంగాళం. కురుమయ్య రాయెక్కి లోపలికి తొంగిచూశాడు. వీపున సంచి జిప్పు తెరిచే ఉంది. అట్టల కొస బయటికి వేలాడుతోంది. వెనక నుంచి వచ్చిన మేక దాన్ని వాసన చూసి, కొరికి, లాగింది.

అట్టలు గలగలా జారాయి. మేక బెదిరి పరుగు తీసింది. దాని వెనక అట్టల గొలుసు వీధి పొడవునా రైలులా సాగింది. "ముఠా దాడి!" అని అరుస్తూ వెనక్కి తిరిగిన కురుమయ్య ఒక కాలు గంజిలో, ఒక కాలు గాల్లో పెట్టాడు.

"అయ్యో, మన అట్టలు!" అంటూ ఇంట్లోంచి లలితమ్మ ఉరికొచ్చింది. నడివయసు మనిషి, పట్టు మాత్రం ఇనుము. కురుమయ్య కాలర్ దొరకబుచ్చుకుని, "ఒరే శ్రవణూ! దొంగ దొరికిండురా!" అని కేకేసింది.

కొడుకు శ్రవణ్ కుమార్ మేకను పట్టుకుని, అట్టలు చుట్టుకుంటూ వచ్చాడు. హైదర్ చేతులు జోడించి జరిగిందంతా చెప్పాడు.

"వనపర్తిల అట్టలు కొట్టించుకొని నేనూ అదే బస్సుల వచ్చిన భాయ్" అన్నాడు శ్రవణ్ కుమార్. "ఈ చిల్లుల ప్రకారమే చీరె అంచు మీద పువ్వులు పడ్తయి. ఇంటికొచ్చి తెరిస్తే రొట్టెలు! పొద్దుటి సంది మగ్గం ఆగింది. పెండ్లి చీరె అది. ఎవరన్న సంచి తెచ్చిచ్చిన్రా అని బస్టాండుకు మూడుసార్లు పోయొచ్చిన."

హైదర్ కురుమయ్య వైపు చూశాడు. మూడుసార్లు చూశాడు.

"రొట్టెలు ఉన్నయా మరి?"

"అమ్మా నేనూ చెరి రెండు తిన్నం. తొక్కు మస్తుగున్నది భాయ్."

కురుమయ్య గంజి కాలు విదిలించి గొంతు సవరించుకున్నాడు. "అంతా నేననుకున్నట్టే జరిగింది. అసలు యజమానిని బయటికి రప్పించడానికే మేకను వ్యూహాత్మకంగా..."

"నోరు మూస్తవా, మళ్ల గంజిల ముంచాల్నా?" అంది లలితమ్మ.

నాలుగుంపావైంది. హైదర్ గడియారం చూసి నిట్టూర్చాడు. ఏంది భాయ్ అని శ్రవణ్ కుమార్ అడిగితే గేట్ల సంగతి చెప్పాడు. చెప్పడం పూర్తికాకముందే శ్రవణ్ కుమార్ బండికి కిక్కు కొట్టాడు. "ఎక్కు. అర్ధగంటల నీళ్ల ముందు నిలబెడ్త."

కురుమయ్య కూడా కాలెత్తాడు.

"నువ్వేడికి?" లలితమ్మ అతని చేతిలో సూది, దారం పెట్టింది. "మేక ఎన్ని కుట్లు తెంపిందో చూసినవా? అట్టల మీద నంబర్లున్నయి. వరస తప్పకుండ కుట్టు. తప్పిందో, పువ్వుకు బదులు నీ మొఖం పడ్తది చీరె మీద."

డ్యాము ఇంకా కనబడకముందే చప్పుడు వచ్చింది. తర్వాత మొహం మీద తుంపర. ఆ తర్వాత నీళ్లు. గేట్ల కింది నుంచి ఎర్రటి నీళ్లు దూకి, లేచి, తెల్లగా విరిగి, మళ్లీ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. హైదర్ కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. అంగీ తడిసింది. గడ్డం తడిసింది. తుడుచుకోలేదు.

శ్రవణ్ కుమార్ ఏదో అడిగాడు. వినపడలేదు. చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అరిచాడు. "ఎట్లున్నది భాయ్?"

పొద్దుటి నుంచి మొదటిసారి హైదర్ నవ్వాడు.

"శానా మంచిగున్నది!" అని తనూ అరిచాడు. "కురుమయ్యను తెచ్చి నిలబెట్టినా ఈడ ఒక్క ముక్క వినపడదు!"