లోకనాథం గారి దత్తపుత్రులు

"నా నియోజకవర్గంల అనాథ అన్న మాట ఇగ వినబడదు" అని శాసనసభ్యులు లోకనాథం గారు నల్లగొండలోని ఒక ఫంక్షన్ హాల్లో ప్రకటించినప్పుడు, ముందు వరుసలో కూర్చున్న అనాథాశ్రమం పిల్లలు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. వాళ్లను చప్పట్ల కోసమే తీసుకొచ్చారు. ప్రకటన మాత్రం వాళ్ల గురించి కాదు, సాఫ్ట్‌వేర్ గురించి.

ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ప్రోగ్రాములు రాయడం వచ్చిన కొందరు ఔత్సాహికులు జీతం బత్తెం లేకుండా నడిపే ఉమ్మడి కొట్టు ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. దాని పేరు జనభాండారం. ఎవరు రాసిన ప్రోగ్రాములు వాళ్లు అందులో పెడతారు, కావలసినవాళ్లు ఉచితంగా తీసుకుంటారు. వాటిని ప్యాకేజీలంటారు. ఒక్కో ప్యాకేజీకి ఒక సంరక్షకుడు ఉంటాడు. ఆయన పెళ్లయిందనో, ఉద్యోగం మారిందనో, విసుగొచ్చిందనో వదిలేస్తే ఆ ప్యాకేజీ పేరు పక్కన 'అనాథ' అని పడుతుంది. అప్పుడు ఎవరైనా ఒక బటన్ నొక్కి దాన్ని దత్తత తీసుకోవచ్చు. బటన్ నొక్కడానికి పైసా ఖర్చు లేదని తెలిసిన రోజే లోకనాథం గారికి ఆ అనాథల మీద కరుణ పుట్టింది.

దత్తత ఆయనకు కొత్త కాదు. అప్పటికే సొంత నియోజకవర్గంలో రెండు ఊళ్లను, పక్క జిల్లాలో అచ్చంపేట అవతల ఒక గూడేన్ని దత్తత తీసుకుని ఉన్నారు. వాటికి పోయే రోడ్లు బాగాలేనందువల్ల దూరం నుంచే ప్రేమిస్తున్నారు.

వేదిక మీద ల్యాప్‌టాప్‌కు శాలువా కప్పారు. బటన్ నొక్కవలసినవాడు విజేందర్. విజేందర్ లోకనాథం గారి సోషల్ మీడియా ఇన్‌చార్జి. ఆయన సెల్‌ఫోన్ ఎప్పుడూ ఇతని జేబులోనే ఉంటుంది. మార్కెట్ కమిటీ డైరెక్టర్ పదవి రేపో మాపో వస్తుందని రెండేళ్లుగా నమ్ముతూ, ఆ నమ్మకం మీదే ఇస్త్రీ చొక్కాలు తొడుగుతున్నాడు.

"మొత్తం ఎన్నున్నయి రా?" అని అడిగారు లోకనాథం గారు.

"తెలుగుకు పనికొచ్చేటియి నలభై ఒకటున్నయన్నా."

"అన్ని తీస్కో. ఒకదాన్ని తీస్కొని ఒకదాన్ని ఇడిస్తె పక్షపాతం అంటరు."

విజేందర్ నొక్కడం మొదలుపెట్టాడు. ఒక్కో నొక్కుకు ఒక్కో చప్పట్ల వాన. ఇరవై దాటాక బిర్యానీ వాసన రావడంతో వాన తగ్గింది. దత్తత తీసుకున్నాక వీటిని ఏం చేస్తారని ఒక విలేఖరి అడిగాడు. "కన్నబిడ్డల లెక్క చూస్కుంట" అన్నారు లోకనాథం గారు. ఆయన కన్నబిడ్డల సంగతి తెలిసిన మరో విలేఖరి రాసుకోవడం ఆపి ఒకసారి తలెత్తి చూశాడు.

మరునాడు పొద్దున విజేందర్‌ను అక్క గ్రేస్ పిలిచింది. గ్రేస్‌కు పుట్టుకతోనే చూపు లేదు. బి.ఎడ్. చేసి ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతోంది. ఏళ్ల తరబడి ఊరించిన డీఎస్సీ చివరికి ఆ ఏడాది పడింది. దాని పుస్తకాలన్నీ కంప్యూటర్‌లో పెట్టుకుంది, కంప్యూటర్ చదివి వినిపిస్తే నేర్చుకుంటుంది.

"తమ్మీ, జర ఇది ఇను" అని ఒక బటన్ నొక్కింది.

"డాలర్. బ్రాకెట్. క్యూ. స్టార్. బ్రాకెట్" అంది కంప్యూటర్, ఎంతో శ్రద్ధగా.

"ఇదంట శిశు వికాసం, మూడో పాఠం" అంది గ్రేస్.

కోచింగ్ సెంటర్ల పుస్తకాలన్నీ డీటీపీ షాపుల్లో పాత పద్ధతి అక్షరాలతో కొట్టినవి. చూసేవాళ్ల కంటికి అది తెలుగే, చదివే కంప్యూటర్‌కు మాత్రం డాలర్లు, బ్రాకెట్లు. ఆ డాలర్లను తెలుగులోకి మార్చే ప్యాకేజీ ఒకటి ఉంది. దాని పేరు వారధి. ఆలేరు కుర్రాడు ఏసోబు రాశాడు. పని ఒత్తిడి పెరిగాక "నాకు తీరిక లేదు, చేతనైనవాళ్లు తీసుకోండి" అని మర్యాదగా రాసి తప్పుకున్నాడు. గ్రేస్ కంప్యూటర్ కొత్తగా అప్‌డేట్ అయ్యేసరికి పాత వారధి పనిచేయడం మానేసింది.

గడియారం సెంటర్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసే ఖలీద్ అప్పటికే వచ్చి చూసి ఉన్నాడు. ఇంకా ఆ పక్కనే కూర్చున్నాడు. జనభాండారంలో అతనూ ఒక సేవకుడే.

"రెండు లైన్లు మారిస్తే అయిపోతది అక్కా. మార్చి పెట్టిన గూడ. నిన్న సాయంత్రం దత్తత తీస్కొని ఎక్కిద్దామని చూస్తే మధ్యాహ్నమే ఎవలో తీస్కున్నరు" అన్నాడు. "ఇగ ఆయన ఒప్పుకుంటేనే లోపటికి పోతది. అనాథ అయితె ఎవలైన చెయ్యి పెట్టొచ్చు. దత్తతైనంక యజమాని చెయ్యి ఒక్కటే."

"ఉత్తగనె అక్క కంప్యూటర్ల ఎక్కియ్యరాదా భాయ్?" అన్నాడు విజేందర్.

"ఇది వికలాంగుల పథకంల వచ్చిన కంప్యూటర్. జనభాండారంల ఉన్నదాన్ని తప్ప ఇంకోదాన్ని ఎక్కనియ్యకుంట తాళమేసి ఇచ్చిండ్రు. వేరే పేరుతోని పెడ్దామంటె, ఉన్నదాన్నే రెండోసారి పెట్టనియ్యరు."

"తీస్కున్నదెవరు?" అంది గ్రేస్.

"లోకనాథం అని ఉన్నదక్కా."

విజేందర్ ఊపిరి పీల్చుకున్నాడు. "మా అన్ననే. ఫికర్ చెయ్యకు అక్కా, ఇయ్యాల్నే అయిపోతది" అని బండి తీశాడు. దత్తత తండ్రి ఇంట్లో తనకు అంత చనువు ఉన్నందుకు దారి పొడవునా గర్వపడ్డాడు.

లోకనాథం గారు అంతా విన్నారు. "రెండు లైన్లా?" అన్నారు.

"అవునన్నా. రెండే."

"రెండు లైన్లకు ప్రారంభోత్సవం ఏం పెడ్తం రా? కనీసం రెండు వందల లైన్లన్న చెయ్యమను. మంచి దినం చూసి మంత్రిగారిని పిలుద్దాం."

"అన్నా, మా అక్క పరీక్ష దగ్గరికొచ్చింది."

"మీ అక్క నాకు అక్క కాదా?" అన్నారు లోకనాథం గారు. ఆ మాటకు విజేందర్ కళ్లు చెమ్మగిల్లాయి. బయటికొచ్చి బండి స్టార్ట్ చేశాక గానీ పని కాలేదని అతనికి తట్టలేదు.

రెండు వందల లైన్లు రాయడానికి ఖలీద్ ఒప్పుకోలేదు. ఎన్ని లైన్లు రాస్తే అంత ఖరాబవుతుందన్నాడు. దానికి బదులు జనభాండారం నిబంధన బయటికి తీశాడు. సంరక్షకుడికి నోటీసు పంపాలి. రెండు వారాల దాకా ఆయన ఉలుకూ పలుకూ లేకపోతే ప్యాకేజీ మళ్లీ అనాథ అవుతుంది. నోటీసు లోకనాథం గారి ఫోన్‌కు, అంటే విజేందర్ జేబులోకి వచ్చి పడింది. విజేందర్ లోలోపల సంతోషించాడు. ఉత్తరాలకు జవాబివ్వకపోవడం అన్నకు అలవాటైన విద్యే గనక, అక్క పని అయిపోయినట్టే అనుకున్నాడు.

కానీ ఆ సాయంత్రం ఫోన్‌లో ఏమేం వచ్చాయని లోకనాథం గారే అడిగారు. నోటీసు అన్న మాట చెవిన పడగానే లేచి నిలబడ్డారు.

"ఎవలకు రా నోటీసు? నాకా? జవాబియ్యి."

"ఏమని అన్నా?"

"పరిశీలనలో ఉంది, తగు చర్య తీసుకోబడును."

విజేందర్ రాశాడు. జవాబు వచ్చింది గనక లెక్క మళ్లీ మొదటికి పోయింది. ఖలీద్ రెండో నోటీసు పంపాడు. ఎప్పుడైనా మరిచిపోతే బిడ్డ చేజారుతుందని లోకనాథం గారికి బెంగ పట్టుకుంది. ఎవరి దగ్గర నుంచి ఏది వచ్చినా ఫోనే జవాబిచ్చుకునేటట్టు చెయ్యమన్నారు. విజేందర్ ఒక నిమిషం తటపటాయించాడు. డైరెక్టర్ల జాబితా రేపే సంతకానికి పోతుందని లోకనాథం గారు అప్పుడే గుర్తు చేశారు. విజేందర్ చేశాడు.

అప్పటి నుంచి నియోజకవర్గంలో పరిపాలన వేగం పుంజుకుంది. పింఛన్ రాలేదని రాసిన ముసలవ్వకు ఆ క్షణమే జవాబు వెళ్లింది, పరిశీలనలో ఉందని. కూతురి పెళ్లికి పిలిచిన మండల నాయకుడికీ అదే వెళ్లింది. తండ్రి పోయాడని కబురు పంపిన కార్యకర్తకు తగు చర్య తీసుకోబడునని వెళ్లింది. మరునాడు పాడె ముందు నడుస్తూ ఆ కార్యకర్త ఫోన్ అందరికీ చూపించి, మా అన్న ఇంత తొందరగా ఎన్నడూ పలకలేదని కంటతడి పెట్టాడు. అత్యంత వేగంగా స్పందించే ప్రజాప్రతినిధి అని ఒక సేవాసంఘం లోకనాథం గారికి జ్ఞాపిక కూడా ఇచ్చింది.

తన నోటీసుకు వచ్చిన జవాబును ఖలీద్ గ్రేస్‌కు చదివి వినిపించాడు. విజేందర్ భోజనం చేస్తున్నాడు.

"జవాబులు రాసేదెవలు తమ్మీ?" అని అడిగింది గ్రేస్.

విజేందర్ ముద్ద కలుపుతూ కూర్చున్నాడు.

"ఫోన్ నీ జేబులనె ఉంటది గద."

"అన్న చెప్పిండక్కా. నేనేం జెయ్యాలె?"

"నేనేమనలేదు తీ" అంది గ్రేస్. "అనాథగ ఉన్నప్పుడే నయముండె దానికి. ఎవలన్న వచ్చి చెయ్యి పడ్తరని ఆశన్న ఉండె" అంది.

తల్లి బిక్షమ్మ పళ్లెంలో ఇంకొంచెం అన్నం పెట్టబోతే విజేందర్ వద్దన్నాడు. అతనికి సిగ్గేసింది. చెయ్యి కడుక్కుని శిశు వికాసం పుస్తకం అచ్చు ప్రతి తెచ్చి అక్కకు చదవడం మొదలుపెట్టాడు. రెండో పేజీలో ఉండగా లోకనాథం గారి బండి వచ్చి హారన్ కొట్టింది. మరునాడూ అంతే. ఆ తర్వాత గ్రేస్ చదవమని అడగడం మానేసింది. పాత నోట్సులో గుర్తున్నవి గోడ వైపు తిరిగి తనలో తనే వల్లించుకునేది.

నందికొండ జలాశయంలో కొత్త లాంచీకి లోకనాథం గారు ప్రారంభోత్సవం చేసిన రోజున రాజధానిలో మంత్రివర్గ విస్తరణ జరుగుతోందని అందరికీ తెలుసు. తన పేరు లేదని లోకనాథం గారికి రూఢిగా తెలుసు గనకే నీళ్ల మీదికి వచ్చారు. ఆయన లాంచీ పైన కత్తెర పట్టుకుని నిలబడ్డారు. విజేందర్ ఒడ్డున ఉన్నాడు. జేబులో ఫోన్ కదిలింది.

పార్టీ పెద్దల దగ్గర నుంచి మెసేజ్. "మీకు మంత్రి పదవి ఖాయం చేశాం. అరగంటలో సమ్మతి తెలపండి. లేదంటే మరొకరికి ఇస్తాం."

దాని కింద ఫోన్ అప్పటికే జవాబిచ్చి ఉంది. "పరిశీలనలో ఉంది. తగు చర్య తీసుకోబడును."

విజేందర్ ఆ రెండింటినీ రెండుసార్లు చదువుకున్నాడు. లాంచీ ఎక్కి చెవిలో చెప్పడానికి ఎంతో సేపు పట్టదు. చెబితే డైరెక్టర్ పదవి ఏమిటి, అంతకన్నా పెద్దదే వస్తుంది. కాళ్లు కదిలాయి కూడా. కానీ చెవిలో డాలర్, బ్రాకెట్, క్యూ అని వినబడుతూనే ఉంది.

"ఏమన్న అర్జెంటా రా?" అని పైనుంచి అడిగారు లోకనాథం గారు.

"ఏం లేదన్నా. జవాబు పోయింది."

లోకనాథం గారు తృప్తిగా తలూపి రిబ్బన్ కత్తిరించారు. లాంచీ డ్యాం వైపు ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి అరగంట దాటింది. సాయంత్రం టీవీలో మరొకాయన ప్రమాణ స్వీకారం చేస్తున్నాడు.

పదవి ఎలా చేజారిందో రాత్రికల్లా పార్టీ పెద్దల నోట విని, మరునాడు లోకనాథం గారు విలేఖరులను పిలిచారు. "పదవులు నాకు గడ్డిపోచతోని సమానం. నలభై ఒక్క పసికూనలను ఇడిచిపెట్టి మంత్రిగ ఎట్ల పోత?" అని గద్గద స్వరంతో అన్నారు. ఇద్దరు విలేఖరులు కళ్లు తుడుచుకున్నారు. త్యాగధనుడు అని పత్రికల్లో వచ్చింది.

విలేఖరులు వెళ్లాక తలుపు వేసి, "గా జవాబుల మిషన్‌ను తీసెయ్ రా. ఇగ నేను నోరిప్పి చెప్పంది ఒక్కదానికి జవాబు పోవద్దు" అన్నారు.

"సరే అన్నా" అన్నాడు విజేందర్.

ఆ సాయంత్రమే ఖలీద్ మళ్లీ నోటీసు పంపాడు. త్యాగానికి సన్మానాలు చేయించుకునే తీరికలేనితనంలో లోకనాథం గారు ఫోన్‌లో ఏమొచ్చిందని అడగలేదు. ఆయన నోరిప్పి చెప్పలేదు గనక విజేందర్ జవాబివ్వలేదు. అన్న ఆజ్ఞను ఇంత అక్షరాలా పాటించడం అతని రాజకీయ జీవితంలో అదే మొదటిసారి.

రెండు వారాలు గడిచాయి. వారధి పేరు పక్కన ఆ మాట మళ్లీ పడింది. విజేందర్ ఇంట్లోకి పరుగెత్తాడు.

"అక్కా, అనాథ అయింది."

"దేవునికి స్తోత్రం" అంది గ్రేస్.

ఖలీద్ దత్తత తీసుకున్నాడు. రెండు లైన్లు ఎక్కించాడు. బిక్షమ్మ ఇచ్చిన చాయ్ ఇంకా వేడిగానే ఉంది. గ్రేస్ బటన్ నొక్కింది. "మూడవ పాఠము. శిశువు మాటలు నేర్చుకొను విధము" అంది కంప్యూటర్. పరీక్షకు అప్పటికి నెల కూడా లేదు. గ్రేస్ తమ్ముడి చెయ్యి తడిమి పట్టుకుని, కాసేపటికి వదిలేసి, వినడంలో పడిపోయింది. విజేందర్ బయటికొచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాడు.

దత్తపుత్రులు నలభైమందే ఉన్నారని ఒక విలేఖరి పత్రికలో రాసేదాకా లోకనాథం గారికి విషయం తెలియలేదు. తెలిశాక ఆయన ఏమాత్రం చలించలేదు.

"ఎవడు రా తీస్కపోయింది?"

"ఖలీద్ అని, గడియారం సెంటర్‌ల షాపున్నదన్నా."

"వానికి నోటీసు పంపు. రెండు వారాలు పలకకుంటె బిడ్డ మళ్ల మనదే."

విజేందర్ పంపాడు. ఫోన్ టీపాయ్ మీద పెట్టాడో లేదో అది కదిలింది.

"ఏమన్నడు? చదువు."

"పరిశీలనలో ఉంది. తగు చర్య తీసుకోబడును" అని చదివాడు విజేందర్.

లోకనాథం గారు కళ్లజోడు పెట్టుకుని, ఆ జవాబును తన కళ్లతోనే ఒకసారి చూసుకున్నారు. ఆయన ముఖంలో కోపం లేదు. ఏళ్ల తర్వాత ఒక సమర్థుడు తారసపడినప్పటి గౌరవం ఉంది.

"మనిషి పనిమంతుడున్నడు" అన్నారు. "ఏ పార్టీ రా?"