మూడు చక్రాలకు అలవాటు పత్రం

మానవుడు చక్రాన్ని కనిపెట్టడం ఒక ఎత్తు, ఆ చక్రాలను లెక్కపెట్టడానికి ఒక కార్యాలయాన్ని కనిపెట్టడం మరో ఎత్తు. మొదటి పని చేసినవాడెవడో చరిత్రకు తెలియదు. రెండో పని చేసినవాళ్ళు మాత్రం తమ పేర్లను పాలరాతి మీద చెక్కించుకుని, ఆ రాతిని సరిగ్గా బండ్లు లోపలికి వచ్చే దారికి అడ్డంగా నిలబెట్టారు.

ఆ కార్యాలయం పూర్తి పేరు 'వాహనచోదకుల అలవాటు ధ్రువీకరణ కార్యాలయం'. మనిషికి బండి నడపడం వచ్చా రాదా అని చూడటం వేరే శాఖ పని. (దాని తలుపు ఎదురుగానే ఉంటుంది. రెండు శాఖల మధ్య మాటల్లేవు గానీ భోజన విరామం మాత్రం ఒక్కటే.) ఈ శాఖ చూసేదల్లా, నడపడానికి మనిషి అలవాటు పడ్డాడా లేదా అన్నది. నియమావళి మొదటి పేజీలోనే ఇలా ఉంటుంది: "నడపడం వచ్చినంత మాత్రాన అలవాటైనట్టు కాదు, అలవాటైనంత మాత్రాన నడపడం వచ్చినట్టూ కాదు." డిగ్రీ పూర్తిచేసిన నేను ఈ వాక్యాన్ని కింద నుంచి పైకి కూడా చదివి చూశాను. ఎక్కడా తప్పు దొరకలేదు.

మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళింది నేనొక్కదాన్నే. అందువల్ల కరెంటు బిల్లు మొదలుకొని మందు సీసా మీది చిన్నక్షరాల దాకా, గుమ్మం దాటి లోపలికొచ్చే ప్రతి అక్షరమూ నా శాఖ కిందికే వస్తుంది. అమ్మ నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి చాలా కాలమైంది. "ఏమే డిగ్రీ" అంటుంది.

అమ్మ ఇంటింటికీ తాగునీళ్ళ క్యాన్లు వేస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ రెండు చక్రాల మోటారుసైకిలుకి ఇటూ అటూ క్యాన్లు కట్టుకుని తిరుగుతోంది. ఒక పక్క క్యాను దించగానే బండి రెండో పక్కకు ఒరుగుతుంది కదా, ఆ ఒరుగుని తన నడుముతో ఆపి, ఏమీ జరగనట్టు తరవాతి ఇంటికి వెళ్ళిపోతుంది. ఆ విద్య నేర్పే కాలేజీ ఎక్కడా లేదు.

అయితే ఈమధ్య నర్సింగు హాస్టలు వార్డెను అమ్మని పిలిపించి, "వచ్చే నెల మొదటి సోమవారం నుంచి మా హాస్టలు మొత్తానికి నువ్వే నీళ్ళు వెయ్యి. కుదరకపోతే ఇప్పుడే చెప్పెయ్, ఇంకొకాయన రోజూ వచ్చి అడుగుతున్నాడు," అంది. హాస్టలు మొత్తం దాహాన్ని నడుముతో ఆపడం ఎవరి తరమూ కాదు. అమ్మ తమ్ముడు, అంటే మా మామయ్య, మెకానిక్కు. ఆయన ఎక్కడి నుంచో ఒక మూడు చక్రాల మోటారుసైకిలు తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. ముందు ఒక చక్రం, వెనక రెండు, ఆ రెంటి మీద క్యాన్లు పెట్టుకునే తొట్టి.

పక్కింటి దర్జీ గారు చుట్టూ తిరిగి చూశారు. "ఆటోనా?"

"కాదండీ, మోటారుసైకిలే," అన్నాడు మామయ్య.

"మోటారుసైకిలుకి మూడు చక్రాలేమిటయ్యా?"

"దానికా సంగతి ఇంకా తెలీదండీ, మీరు చెప్పకండి," అంది అమ్మ.

మూడు చక్రాల బండి పడదు గాక పడదు కాబట్టి నడపడం తేలిక అని లోకం అనుకుంటుంది. లోకం ఎప్పుడూ దాన్ని నడపలేదు. రెండు చక్రాల బండిని మలుపులో వంచుతాం. మూడు చక్రాల బండి వంగదు. ఆత్మగౌరవం ఎక్కువ. మొదటిరోజు అమ్మ కుడివైపు తిరగాలనుకుని, పాత అలవాటు కొద్దీ ఒళ్ళంతా కుడికి వాల్చేసింది. మనిషి కుడికి వెళ్ళింది, బండి మాత్రం నిటారుగా, ఎంతో నిజాయితీగా, తిన్నగా దర్జీ గారి కొట్లోకి వెళ్ళింది.

"వంగకక్కా! తిప్పు! హ్యాండిలు తిప్పు!" అని మామయ్య వెనకే పరిగెత్తాడు.

అమ్మ బయటికొచ్చేసరికి హ్యాండిలు మీద ఎవరిదో కుట్టు పూర్తికాని ప్యాంటు రెపరెపలాడుతోంది.

"ఒక కాలే ఉందండీ దీనికి!" అంది అమ్మ, నవ్వాపుకోలేక.

"రెండోది మీ చక్రం కింద ఉంది," అన్నారు దర్జీ గారు.

రెండో పాఠం: ముందు చక్రం గేటులో పట్టింది కదా అని వెనకవి కూడా పడతాయనుకోకూడదు. (మా గేటుకి ఇప్పుడు ఒకటే స్తంభం.) మూడో పాఠం: ఆగినప్పుడు కాలు కింద పెట్టకూడదు. పెడితే వెనక చక్రం వచ్చి చెప్పు మీద కూర్చుంటుంది. ఇక బండి దిగిన ప్రతిసారీ అమ్మ కాలితో స్టాండు వేయబోయేది. స్టాండు లేదు. లేని స్టాండుని ఈడ్చి తన్ని, గాల్లో సగం తిరిగి, పడబోయి మామయ్య చొక్కా పట్టుకునేది. మామయ్య చొక్కాలకి గుండీలు నిలవలేదు. అవన్నీ కుట్టిపెట్టింది దర్జీ గారే, ఆయనకి మా బండి వల్ల వ్యాపారం బాగానే నడిచింది.

అన్నిటికన్నా పెద్ద సంబరం రివర్సు గేరు. ఇన్నేళ్ళలో అమ్మ బండి ఎప్పుడూ వెనక్కి నడవలేదు. "ఏమే డిగ్రీ! వెనక్కి కూడా పోతుందే!" అని కేకేసి, వీధి చివరిదాకా వెనక్కే వెళ్ళి, అక్కడ ఎవరినో పలకరించి, మళ్ళీ వెనక్కే వచ్చింది. నేను తొట్టిలో ఖాళీ క్యాన్ల మధ్య కూర్చుని, ఎటు వెళ్తున్నామో తెలియక నవ్వీ నవ్వీ డొక్కలు పట్టుకున్నాను. వీధంతా గుమ్మాల్లోకొచ్చి చూసింది. మా అమ్మ అంత గట్టిగా నవ్వడం నేను చూడటం అదే మొదలు.

కొన్నాళ్ళకి అమ్మ వంగడం మానేసింది. ఆగితే రెండు కాళ్ళూ పైనే పెట్టుకుని, కుర్చీలో కూర్చున్న పెద్దమనిషిలా చూస్తూ ఉండేది. "అలవాటైపోయిందక్కా నీకు," అన్నాడు మామయ్య. మామయ్య అంటే సరిపోదు కాబట్టి కార్యాలయానికి వెళ్ళాం.

అక్కడ రెండు కిటికీలు. ఒకటి రెండు చక్రాలకి, ఒకటి నాలుగు చక్రాలకి. రెంటి మధ్య ఒక పూలకుండీ. మూడు చక్రాలకి ఎక్కడ నిలబడాలని అడిగితే గుమస్తా ఎంతో ఆలోచించి, "కుండీ దగ్గర నిలబడండి," అన్నాడు. నిలబడ్డాం. కాసేపటికి మా వెనక ఒక వరుస కూడా తయారైంది. (వాళ్ళెవరికీ మూడు చక్రాల బండి లేదు. వరుస కనిపిస్తే నిలబడే అలవాటు మాత్రం ఉంది.)

పరీక్ష పెట్టే అధికారి మెడలో ఎప్పుడూ విజిలు వేలాడుతుంటుంది. అందరూ ఆయన్ని విజిలు సారు అంటారు. అమ్మ మైదానంలో ఎనిమిది అంకె చుట్టింది. ఒక్క గీత తొక్కలేదు. గీత దగ్గర ఆగింది. నేను చప్పట్లు కొట్టబోయి, నియమావళిలో అలాంటిదేమీ లేదని గుర్తొచ్చి ఆగిపోయాను. ఫలితం చేతికిచ్చారు:

"మలుపులో వంగుట: శూన్యం. ఆగినప్పుడు కాలు నేల మోపుట: శూన్యం. స్టాండు వేయుట: ప్రయత్నం కూడా లేదు. బండి పడని మాట నిజమే గానీ, పడకపోవడంలో అభ్యర్థి ప్రమేయం ఉన్నట్టు రుజువు కాలేదు."

"సార్, అది మూడు చక్రాల బండండీ. వంగదు," అన్నాను.

"వంగదని నాకు తెలుసమ్మా," అన్నారు విజిలు సారు మంచిగానే. "మార్కులు వంగితేనే వస్తాయి."

సోమవారం దగ్గర పడుతోంది. హాస్టలు గేటు దగ్గర ఆ ఇంకొకాయన కనబడ్డాడని అమ్మ చెప్పింది. చదువుకున్నదాన్ని నేనుండీ పని ఆగిపోతే ఎలా అని, ఉన్నది ఉన్నట్టు ఒక అర్జీ రాశాను. మర్యాద తగ్గకుండా, చక్రాల బొమ్మ కూడా గీసి జతపరిచాను. దానిమీద 'బేసి చక్రాల సందిగ్ధ నివారణ సంఘం' సమావేశమైంది. (సభ్యులు నలుగురు. సరి సంఖ్య కావడం వల్ల నిర్ణయం రెండుసార్లు వాయిదా పడింది.) చివరికి జవాబొచ్చింది. అభ్యర్థి మూడు చక్రాలకు అలవాటు పడినదీ లేనిదీ తేల్చడానికి, కార్యాలయం వారి రెండు చక్రాల మోటారుసైకిలు మీద పరీక్ష జరుపుతారట.

మామయ్య పడీపడీ నవ్వాడు. "ఈత వచ్చో రాదో చెట్టెక్కించి చూస్తారన్నమాట."

"ఎక్కించనీరా, మనకేం పోయింది?" అంది అమ్మ. "రెండు చక్రాలు నేను నిద్రలో కూడా నడుపుతా. డిగ్రీ, ఆ మంచి చీర తియ్యి."

నిజంగానే అద్భుతంగా నడిపింది. మలుపుల్లో కాస్త తడబడినా సర్దుకుంది. కార్యాలయం సిబ్బంది కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూశారు. గీత దగ్గరికి రాగానే విజిలు సారు విజిలేశారు. అమ్మ బ్రేకు వేసింది. ఆగింది. రెండు కాళ్ళూ పైనే ఉంచుకుని, వెన్ను నిటారుగా పెట్టి, తరవాతేమిటన్నట్టు ఆయన వైపు చూసింది.

బండి కాసేపు మర్యాదకి నిలబడింది. ఆ తరవాత పడిపోయింది.

నేనూ మామయ్యా పరిగెత్తాం. బండి కింద అమ్మ వెల్లకిలా పడి ఉంది. మొదట భయమేసింది. తరవాత చూస్తే ఏడవడం కాదు, నవ్వుతోంది.

"కాలు పెట్టడం మర్చిపోయానే! కాలుందనే మర్చిపోయానే!"

విజిలు సారు కూడా పరిగెత్తుకొచ్చారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. "అద్భుతం! రెండు చక్రాల అలవాటు పూర్తిగా పోయింది! అంటే మూడు చక్రాల అలవాటు పూర్తిగా వచ్చినట్టే. ఇంతకంటే రుజువేం కావాలి?" అని అక్కడికక్కడే, బండి ఇంకా అమ్మ మీదే ఉండగా, అలవాటు పత్రం మీద సంతకం పెట్టి అమ్మ చేతికిచ్చారు. సిబ్బంది చప్పట్లు కొట్టారు. గుమస్తా కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మ పత్రాన్ని గుండెకి హత్తుకుని, "ఇప్పుడు బండి తియ్యండర్రా, చీలమండ దగ్గర ఏదో కటుక్కుమంది," అంది.

డాక్టరు పిండికట్టు వేశాడు. ఎముక చిట్లిందన్నాడు. రెండు పండగలంత ఆనందమూ ఒక పిండికట్టూ ఒకే ఆటోలో ఇంటికొచ్చాయి.

శనివారం నేను మళ్ళీ కుండీ దగ్గర నిలబడ్డాను. (మామయ్య రోజూ రెండు చక్రాల మీదే తిరిగే మనిషి, ఆయనకి ఆ అలవాటు పోయే ఆశ లేదు.) అమ్మ కాలు నయమయ్యేదాకా బండి నేను నడుపుతాను, వాకిట్లో నాకూ అలవాటైంది, అనుమతి ఇప్పించండి అని అడిగాను.

"తప్పకుండా ఇద్దాం," అన్నారు విజిలు సారు. "మీ అమ్మగారిలాగే వచ్చి పడండి."

"నాకు రెండు చక్రాలు నడపడం రాదు సార్. ఎక్కగానే పడిపోతాను."

ఆయన నొచ్చుకున్నారు. "అలా కుదరదమ్మా. రానివాళ్ళు పడితే అది ప్రమాదం. వచ్చినవాళ్ళు పడితేనే అర్హత. చదువుకున్నదానివి, ఆ తేడా నీకు తెలియాలి. ముందు రెండు చక్రాలు నేర్చుకో. పడకుండా నడుపుతున్నట్టు పత్రం తెచ్చుకో. ఆ తరవాత మర్చిపో. మర్చిపోయాక రా, పడుదువుగాని."

తేడా నాకు అర్థమైంది. నాకు భయం వేసింది కూడా అందుకే.

ఇంటికొచ్చి విషయం చెప్పాను. అమ్మ పత్రాన్ని వెలుగులోకి పట్టుకుని, "ఇందులో ఏం రాసుందే డిగ్రీ?" అంది. బండి మీద అమ్మ కూర్చోవచ్చు, హ్యాండిలు పట్టుకోవచ్చు అని రాసి ఉంది. కట్టు కాలితో గేరు మార్చడం అమ్మవల్ల కాదు గానీ, ఇంజను నడవాలని పత్రంలో ఎక్కడా లేదు.

సోమవారం పొద్దున్నే తొట్టి నిండా క్యాన్లు పేర్చాం. సీటు మీద అమ్మ. పిండికట్టు వేసిన కాలు ముందుకి చాచి, హ్యాండిలు పట్టుకుని, రాణిలా కూర్చుంది. వెనక నేనూ మామయ్యా తోస్తున్నాం. దర్జీ గారు కూడా టేపు మెడలో వేసుకునే వచ్చి ఒక భుజం ఆనించారు. నీళ్ళు గుబగుబలాడుతున్నాయి. పల్లం వచ్చినప్పుడు మా ముగ్గురినీ వదిలేసి బండి దానంతటది వెళ్ళిపోయేది, అమ్మ "వస్తున్నారా లేదా!" అని అరిచేది, మేము నవ్వుకుంటూ వెంటపడేవాళ్ళం. హాస్టలు అమ్మాయిలు మేడమీంచి ఈలలు వేశారు. వార్డెను గడియారం చూసుకుని, "టైముకే వచ్చారే," అంది. ఆ ఇంకొకాయన గేటు దగ్గర నుంచి వెళ్ళిపోయాడు.

ఖాళీ క్యాన్లతో తిరిగి వస్తుంటే దారిలో కార్యాలయం. ఎదురెక్కుడు. విజిలు సారు విజిలేసి బండి ఆపించారు. పత్రం చూశారు. ఆగిపోయి ఉన్న ఇంజను మీద చెయ్యి పెట్టి చూశారు, చల్లగా ఉంది. చెమటలు కారుతూ, ఒకరి మీద ఒకరం వాలి రొప్పుతున్న మా ముగ్గురినీ తేరిపార చూశారు.

తరవాత కిటికీ వైపు తిరిగి గుమస్తాని కేకేశారు.

"వీళ్ళింటికి మళ్ళీ పరీక్ష అక్కర్లేదని రాసుకో. అందరూ బాగా అలవాటు పడ్డారు."